రాలని నివ్వరి

మా ముత్తాత జగన్నాథ భూపతిరాయలు గారు ముఠాదారు. గోదావరి సముద్రంలో కలిసే వైపు తొమ్మిది ఊళ్ళ శిస్తు ఆయన కచేరీలో జమపడేది. మా తాతగారు నరసింహ భూపతిరాయలు గారి నాటికి ముఠా రద్దయింది గానీ మర్యాద రద్దు కాలేదు. కలెక్టరు వస్తే ఆయన ఎదురు వెళ్ళేవారు కాదు, కలెక్టరే మెట్లెక్కి వచ్చేవాడు. మా నాన్నగారు విజయ భూపతిరాయలు గారు పొలాలు ఒక్కొక్కటే వదులుకుంటూ కూడా మడత నలగని పంచె కట్టారు. ఆ వరసలో నేను నాలుగోవాణ్ణి. నాకు మిగిలినవి పేరు చివర భూపతిరాయలు, ఊరి చివర ఒక మడుగు.

ఆ మడుగు సంగతి చెప్పకపోతే నేను హైదరాబాదు ఎందుకు వెళ్ళానో అర్థం కాదు. అది ఏటిపాయ పక్కన పల్లపు నేల. వానలకు నిండుతుంది, మాఘానికి ఎండుతుంది. అందులో నివ్వరి పండుతుంది. నివ్వరి వరికి అడవి చుట్టం. దానికి నాగలి అక్కర్లేదు, నారు అక్కర్లేదు. ఋషిపంచమి నోము పట్టిన ఆడవాళ్ళు ఆ రోజు దున్నిన నేలలో పండింది తినకూడదు. నివ్వరి బియ్యమే వండుకోవాలి. మా తాతగారి కాలం నుంచి ఆ తొమ్మిది ఊళ్ళలో నోము పట్టిన ప్రతి ఇంటికీ సోలెడు నివ్వరి బియ్యం మా ఇంటి నుంచే వెళుతోంది. భూములు పోయినా, గుర్రపుసాల సైకిళ్ళ కొట్టు అయినా, మమ్మల్ని ఈనాటికీ నివ్వరి దివాణం అనే అంటారు.

మడుగులో సగం మా బాబాయి కొడుకు ప్రసాదుది. వాడు అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే సంస్థ నడుపుతాడు. రొయ్యల చెరువులు తవ్వేవాళ్ళు మడుగు అమ్మమని అడిగితే వాడు సరేనన్నాడు, నేను వీల్లేదన్నాను. ఫోన్లో చాలాసేపు వాదించుకున్నాక వాడొక మాట అన్నాడు.

"అన్నయ్యా, అది నిజంగా అడవి వరే అని తెలిసినవాళ్ళు చెబితే నేను అమ్మకానికి సంతకం పెట్టను. ఇక్కడ పంజాగుట్టలో ఒక మేడమ్ గారున్నారు. అడవి వరి రకాలన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూడటమే ఆవిడ పని. కంకులు పట్టుకురా. కాదని ఆవిడ అంటే మాత్రం నువ్వు సంతకం పెట్టాలి."

నేను మాటిచ్చాను. నాకు అనుమానమేమీ లేదు కాబట్టి ఇచ్చాను. కార్తీకంలో పండిన కంకులు కోయించి, కట్ట కట్టి, మా నాన్నగారి పట్టు ఉత్తరీయంలో చుట్టుకుని బస్సెక్కాను.

అమీర్‌పేట చౌరస్తా

తెల్లవారి బస్సు దిగితే ఊరు కనిపించలేదు, బోర్డులు కనిపించాయి. గోడ ఖాళీగా ఉంటే అక్కడివాళ్ళకు నిద్ర పట్టదు కాబోలు. జావా, దాని మీద డాట్‌నెట్, దాని నెత్తిన టెస్టింగ్ టూల్స్, వీటన్నిటినీ సగం కప్పేస్తూ లేడీస్ హాస్టల్. మా దివాణం గుమ్మం మీద ఒకే ఒక్క రాతి ఫలకం ఉంది. ఇక్కడ ప్రతి కిటికీ తన పేరు తానే అరుచుకుంటుంది.

నడుద్దామంటే కాలిబాట లేదు. ఉన్న చోట దాని మీద జిరాక్సు మిషను ఉంది. వీపున సంచులు వేసుకున్న పిల్లలు మందలుగా వస్తారు, నన్ను తాకుతారు, తాకినట్టు కూడా తెలియకుండా పోతారు. ఎవరో ఒకడు చేతిలో కరపత్రం కుక్కుతాడు. పారేస్తే ఇంకొకడు అదే కరపత్రం ఇస్తాడు. నేను ఉత్తరీయం కట్టను రెండు చేతులతో నెత్తి మీద ఎత్తి పట్టుకుని నడిచాను. ఉత్సవ విగ్రహాన్ని తప్ప మా ఇంట్లో ఎవరూ దేన్నీ అలా మోయలేదు.

ఇడ్లీ బండి దగ్గర నిలబడి తిన్నాను. మా ఇంట్లో నిలబడి తిన్నవి గుర్రాలు మాత్రమే. బండాయన పల్లీ చట్నీ గరిటెలతో పోశాడు. అల్లప్పచ్చడి ఉందా అని అడిగితే వింతగా చూశాడు.

"గదంత ఆంధ్రా మెస్సుల దొరుకుతది సార్. ఈడ గిదే. మస్తుంటది, తినుండ్రి." అని, నా చేతిలో ఉత్తరీయం దాటి బయటికి వచ్చిన కాడలు చూసి, "గా గడ్డేంది, బర్రెకా?" అన్నాడు.

"గడ్డి కాదు. నివ్వరి."

"అంటే వరేనా?"

"వరి కన్నా పెద్దది. వరికి తాత."

"తాతయితే గంత సన్నగున్నడేంది సార్?" అన్నాడు. చుట్టూ తింటున్నవాళ్ళు నవ్వారు. నేను ఇడ్లీ సగంలో వదిలి డబ్బిచ్చి వచ్చేశాను. చట్నీ బాగానే ఉంది, ఆ మాట దాచను.

బ్యాక్‌గ్రౌండ్ ఏంటి సార్?

ప్రసాదు సంస్థ ఒక మేడలో మూడో అంతస్తు. లిఫ్టు ఉంది గానీ దాని ముందు చెప్పుల కుప్ప ఉంది. పైన బల్ల వెనక ఒక అమ్మాయి రెండు ఫోన్లలో మాట్లాడుతోంది. మాట తీరును బట్టి మావైపు పిల్లే. ప్రసాదు నాకు ముందే చెప్పాడు, మేడమ్ గారి దగ్గర నివ్వరికి శాస్త్రంలో ఉన్న పేరు వాడితే పని తేలికవుతుందని. అది నేర్చుకునే వచ్చాను.

"ఒరైజా నివారా గురించి వచ్చానమ్మా," అన్నాను.

"ఒరాకిలా అంకుల్? డెమో ఇప్పుడే స్టార్టయింది. కుడివైపు రూము, చివరి బెంచీలో ఖాళీ ఉంటుంది చూడండి."

ఆ మేడమ్ గారు ఇక్కడికే వచ్చి చెబుతున్నారేమో అనుకున్నాను. లోపల ఊపిరాడనంత మంది. మైకు పట్టుకున్న ఒక యువకుడు టేబుల్ సృష్టించడం ఎలాగో చెబుతున్నాడు. చాలాసేపు విన్నాను, కర్రా లేదు, మేకూ లేదు. వరి ప్రస్తావన ఎప్పుడొస్తుందా అని నేను ఎదురుచూస్తుండగా అతని చూపు నా మీద పడింది.

"సార్, చివర్లో మీరు. మీ బ్యాక్‌గ్రౌండ్ ఏంటి సార్?"

అడిగాడు కదా అని లేచి నిలబడి చెప్పాను. "మా ముత్తాతగారు ముఠాదారు. తొమ్మిది ఊళ్ళు."

గదంతా ఎందుకు అంతగా నవ్విందో ప్రసాదు వచ్చి నన్ను బయటికి తీసుకుపోయాకే తెలిసింది. అక్కడ బ్యాక్‌గ్రౌండ్ అంటే బీకామా, బీటెక్కా అని. మావైపు ఆ ప్రశ్న అడిగితే ఎవరైనా ఇంటిపేరుతో మొదలుపెడతారు. ఇక్కడ తాతలకు సిలబస్‌లో చోటు లేదు.

కవరులో పప్పు

మధ్యాహ్నం ప్రసాదు మధురానగర్‌లో తన ఫ్లాటుకు తీసుకెళ్ళాడు. దారిలో కర్రీ పాయింట్ అనే కొట్టు దగ్గర ఆగాడు. కూరలు ఇంట్లో వండుకోరట. కొట్టువాడు పప్పును ప్లాస్టిక్ కవరులో పోసి, గాలి ఉబ్బేలా తిప్పి దారంతో కడతాడు. రసం కూడా అంతే. జనం ఆ ఉబ్బిన కవర్లు వేళ్ళకు తగిలించుకుని, పంజరంలో చిలకల్ని తీసుకెళ్ళినట్టు తీసుకెళుతున్నారు.

"అన్నం మాత్రం ఇంట్లోనే వండుకుంటాం అన్నయ్యా, అలా చూడకు," అన్నాడు ప్రసాదు. "కుక్కర్లో పడేస్తే అదే అవుతుంది."

"ఏ బియ్యం?"

"సోనా మసూరి. ఇక్కడ అందరిదీ అదే."

తెల్లగా, సన్నగా, ఒక గింజకూ ఇంకో గింజకూ తేడా లేకుండా ఉంది. నోట్లో పెట్టుకుంటే దేనికీ ఎదురు చెప్పని అన్నం. మా ఇంట్లో రకాన్ని బట్టి కూర నిర్ణయమయ్యేది. ఇక్కడ కూరను బట్టి కవరు నిర్ణయమవుతుంది. వంకాయ కూర బాగుందని ఒప్పుకోవలసి వచ్చింది.

తినేటప్పుడు ప్రసాదు మడుగు ఊసెత్తలేదు. చెయ్యి కడుక్కుంటూ మాత్రం అన్నాడు. "నాకు రెండు బ్యాచీలున్నాయి, నేను రాను. ఆవిడ ఏమన్నారో నువ్వే వచ్చి చెప్పు. నేను ఆవిడకి ఫోన్ చేసి అడగను. నీ మాట చాలు."

పంజాగుట్ట మేడ మీద

ఆటో ఎక్కాను. పంజాగుట్ట దగ్గరే అని అందరూ అన్నారు. దగ్గరే, కానీ చేరడం వేరే సంగతి.

"మీటర్ మీద జర ఎక్కువియ్యాలె సాబ్. ట్రాఫిక్ మస్తున్నది," అన్నాడు ఆటో ఆయన.

"మరి మీటరెందుకయ్యా?"

"దానికేం తెలుసు సాబ్, ఈ జామ్ బాధ?"

చౌరస్తా కనిపిస్తూనే ఉంది, రావడం లేదు. బస్సులు, కార్లు, వాటి సందుల్లో స్కూటర్లు. పొగకు కంకులు ఎక్కడ కమిలిపోతాయోనని ఉత్తరీయం ఒళ్ళో పెట్టుకుని కప్పాను. నడిచినా ఈపాటికి చేరేవాణ్ణని విసుక్కున్నాను.

"అయితే దిగుండ్రి సాబ్. నేను సుత మీ ఎంబడే నడుస్త. ఆటో ఏడికి వోతది, ఈడనే ఉంటది," అన్నాడు. ఆ ఊళ్ళో ఎవరికీ పెద్దల ముందు నోరు కట్టుకోవడం నేర్పినట్టు లేదు.

మేడమ్ గారి పేరు డాక్టర్ పుష్పలత. వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పుట్టింది తెలంగాణ పల్లెలో, ఉంటున్నది పంజాగుట్ట వెనక సందులో ఒక అపార్టుమెంటు. తలుపు తీసి, నన్నూ నా కట్టనూ ఒకసారి చూసి, "రాండ్రి సార్, మీదికే పోదాం," అని నేరుగా మేడ మీదికి తీసుకెళ్ళారు.

మేడ మీద సిమెంటు తొట్లు, పాత సింకులు, పెయింటు డబ్బాలు. అన్నిట్లో బురద, అన్నిట్లో వరి దుబ్బులు. కొన్ని కంకులకు పల్చటి కాగితం సంచులు తొడిగి ఉన్నాయి. ఒక పక్కన బంజారా హిల్స్ మేడలు మెరుస్తున్నాయి, ఈ పక్కన ఈవిడ నీళ్ళలో చెప్పులు లేకుండా తిరుగుతున్నారు.

"కింది ఫ్లాటాయన రోజూ కొట్లాటే సార్. నీళ్ళు కారుతున్నయి, పూలమొక్కలు పెట్టుకోరాదా అంటడు. గిది చూడుండ్రి," అని ఒక తొట్టి చూపించారు. మనిషెత్తు దుబ్బు, కాడలు తొట్టి బయటికి పాకాయి. "గిది లోతు నీళ్ళది. ఏండ్లకేండ్లు బతుకుతది. కణుపు కణుపుకు వేర్లేస్తది. గింజలు మాత్రం ఇయ్యాలంటే పిసినారి." తర్వాతది నీడలో పెట్టారు. వెడల్పాటి ఆకు, నూకంత గింజ. "గిది అడివిల చెట్ల కింద ఉంటది. మస్తు పొగరుది సార్. పంట వరితోని చుట్టరికం కలుపుమంటే కలుపదు."

ఆ మొక్క నాకు నచ్చింది.

మూడోది పొట్టిది, పొడుగాటి మీసాలు, సంచులు తొడిగినది. "గిదే మీ నివ్వరి. గుంటల ఒడ్డుకు మొలుస్తది, ఒక్క ఏడు బతుకుతది. శాస్త్రంల పేరు సుత మన మాటే, నివారా. ఇగ మీది విప్పుండ్రి."

నేను ఉత్తరీయం విప్పి కట్టను ఆవిడ ముందు పెట్టాను. నాకు ఆ క్షణం గర్వంగానే ఉంది. "బస్సులో వచ్చాను, అమీర్‌పేట జనంలో పడి వచ్చాను. ఒక్క గింజ రాలలేదు, చూసుకోండి," అన్నాను.

ఆవిడ ఉత్తరీయం అంచులు ఎత్తి చూశారు, గింజ లేదు. ఒక కంకి తీసి దులిపారు, రాలలేదు. అరచేతికేసి కొట్టారు, రాలలేదు. తర్వాత తన నివ్వరి దుబ్బు దగ్గరికి వెళ్ళి, ఒక సంచి మెల్లగా ఊడదీసి, కంకిని వేలితో ముట్టుకున్నారు. పండిన గింజలు జలజలా సంచిలోకి పోయాయి. కంకి మీద ఈనెలు మిగిలాయి.

"గిందుకే సంచి కట్టేది సార్. ముట్టుకుంటే రాలుతది, గాలొస్తే రాలుతది. రాలకపోతే అది అడివిల బతుకదు." భూతద్దం నా చేతికిచ్చి రెండు గింజల మొదళ్ళు చూపించారు. ఆవిడ గింజ మొదలు నున్నగా ఉంది, తనంత తాను వదులుకున్నట్టు. నాది పెరికినట్టు చిరిగి ఉంది. "మీరెట్ల కోస్తరు?"

చెప్పాను. మిగతాచోట్ల పేదవాళ్ళు బుట్టలు పట్టుకుని కంకుల్ని అందులోకి దులుపుకుంటారు, కింద పడ్డవి చీపురుతో ఊడ్చుకుంటారు. మా తాతగారు దాన్ని ఒప్పుకోలేదు. దివాణం ధాన్యం నేల మీద ఏరుకునేది కాదన్నారు. అందుకని మా మడుగులో మొదటి నుంచీ కొడవలితో కోయడం, కట్టలు కట్టడం, కళ్ళం మీద నూర్చడం. తొమ్మిది ఊళ్ళలో ఏ ఇంటికీ సోలెడు తగ్గకూడదని తొలకరికి ముందు మంచి కంకుల గింజ మళ్ళీ మడుగులో చల్లించేవారు. కోతకు ముందే గింజ విడిచేసే దుబ్బుల్ని మా పాలేర్లు రాలుగాయిలు అంటారు. రాలుగాయి కనబడితే పీకి గట్టు అవతల పారేయాలని ఆయన ఆజ్ఞ. ఇప్పటికీ అదే జరుగుతోంది.

ఆవిడ పెద్దగా నవ్వారు. ఎగతాళి కాదు, సంతోషంతో నవ్వారు. నాకు అదే ఎక్కువ కష్టంగా తోచింది.

"గా రాలుగాయిలే సార్, అసలు నివ్వరి! రాలేటియి కొడవలికి దొరుకలే, దొరికినయి మీరు పీకిన్రు. రాలనియి కోసిన్రు, మళ్ళ అవే చల్లిన్రు. ఎన్నో వేల ఏండ్ల కింద అడివి వరిని ఇంటి వరి చేసినోళ్ళు సుత గిట్లనే చేసిన్రు, తెల్వకుండ. మీ తాత ఒక్కడే మళ్ళ చేసిండు. పక్క పొలాల వరి సుత ఇంత కలిసే ఉంటది."

"మీసాలున్నాయి. ఒలిస్తే ఎర్రగా ఉంటుంది. చూడండి."

"రక్తం ఉన్నది, కాదంటలే. గుణం పోయింది."

"మేము ఏనాడూ దున్నలేదు," అన్నాను. గొంతు కొంచెం పెరిగిందనుకుంటాను.

"దున్నలే. విత్తిన్రు, కలుపు తీసిన్రు, కోసిన్రు. నాగలొక్కటే తక్కువ సార్."

నేను భూతద్దం తిరిగి ఇచ్చేశాను. నోము పట్టిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. మా ఇంటి సోలెడు బియ్యం కళ్ళకద్దుకుని తీసుకెళ్ళేవాళ్ళు. ఇంటి వరి తినకూడదని మా దగ్గరికి వచ్చినవాళ్ళకు, మూడు తరాలుగా, చేజేతులా ఇంటి వరిని చేసి పెట్టాం. బుట్ట పట్టుకోవడం చిన్నతనమని.

ఆవిడ కింద ఇంట్లో సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి గిన్నెకు అద్ది కాల్చినది, మా దిబ్బరొట్టెకు దూరపు బంధువు. అంత కోపంలోనూ రెండోది వద్దనలేకపోయాను. వచ్చేటప్పుడు కంకుల్లోంచి ఒక పిడికెడు అడిగారు. "గిట్ల నడిమిట్ల ఆగింది నా దగ్గర లేదు సార్," అన్నారు. కట్ట మొత్తం ఇచ్చేశాను. ఉత్తరీయం మడిచి భుజాన వేసుకున్నాను.

మళ్ళీ అమీర్‌పేట

ఆటో మాట తలచుకుంటేనే ఒళ్ళు మండి నడిచే వచ్చాను. దీపాలు వెలిగాయి. పొద్దుటి జనానికి ఇంకో అంత జనం తోడయ్యారు. ప్రసాదు తన మేడ కింద ఛాయ్ కొట్టు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. అరకప్పు ఛాయ్ నా చేతిలో పెట్టాడు. అక్కడ కప్పు నిండా పోయడం మర్యాద కాదు కాబోలు.

"ఏమన్నారు అన్నయ్యా?"

వాడి ముఖం చూశాను. నేను నివ్వరే అంటే వాడు నమ్ముతాడు. ఫోన్ చేయనని అన్నాడు, చేయడు కూడా. మడుగు మాకే మిగులుతుంది. భాద్రపదంలో నోముకు ఆడవాళ్ళు వస్తారు, నేను సోలతో కొలుస్తాను, నా పక్కన ఎవరూ భూతద్దం పట్టుకుని నిలబడరు.

"నివ్వరి కాదు," అన్నాను.

"సరిగ్గా చూశారా ఆవిడ?"

"చూశారు. నేనూ చూశాను."

"నోము రోజు అమ్మ ఆ ఎర్రన్నంలో పెరుగు కలిపి నాకు దొంగతనంగా ఒక ముద్ద పెట్టేది," అన్నాడు. "ఇంకేదో రుచి దానికి. అదీ ఉత్త వరేనా?"

"ఉత్త వరి కాదు. మనం చేసిన వరి."

"నువ్వు అవునని చెప్పేసి ఉండాల్సింది అన్నయ్యా. నాకూ బాగుండేది."

"నీకు బాగుండటానికి నేను అబద్ధమాడాలా?"

"ఎప్పుడూ అంతేగా నువ్వు," అని విసుగ్గా కప్పు కొట్టు బల్ల మీద పెట్టాడు. "ఉత్త కొయ్య మనిషివి."

మేము మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మర్నాటి బస్సుకు వాడే వచ్చి ఎక్కించాడు. దారిలో తినమని పులిహోర ఇచ్చాడు. కవరులో కట్టి ఉంది.

ఇంటికి వచ్చాక

వచ్చిన రోజే మడుగుకు వెళ్ళాను. కోత అయిపోయింది. గట్టు దిగి, పాలేర్లు రాలుగాయిల్ని విసిరే రోడ్డు పక్క గుంట దాకా నడిచాను. అక్కడ ముళ్ళపొదల మధ్య పొట్టి దుబ్బులు ఉన్నాయి. అన్నాళ్ళూ ఆ దారిన పోతూ వాటిని గడ్డి అనే అనుకున్నాను. కంకులు చాలావరకు ఖాళీ. చివర్లో ఒకటి మిగిలి ఉంటే ముట్టుకున్నాను. పట్టుకునే లోపే గింజలు నీళ్ళలో పడిపోయాయి. ఆ గుంట రోడ్లవాళ్ళది, మాది కాదు.

మా పురోహితులకు సంగతి చెప్పాను. సంకల్పం ముఖ్యం, ఎవరికీ చెప్పనక్కర్లేదు అన్నారు. నేను ఒప్పుకోలేదు. నోము పట్టే ఇళ్ళన్నిటికీ వెళ్ళి, వచ్చే ఏటి నుంచి మా ఇంటి బియ్యం రాదని, ఇన్నాళ్ళూ వచ్చింది నివ్వరి కాదని గుమ్మంలో నిలబడి చెప్పాను. కొందరు బాధపడ్డారు. ఒక పెద్దావిడ మాత్రం "దానికేముంది బాబూ, రుచిగా ఉండేది," అంది.

పుష్యమాసంలో మడుగు అమ్మేశాం. గట్టూ, తూమూ, గట్టు మీది రెండు తాడిచెట్లూ అందులోనే పోయాయి.